సింకు లోతు పెరిగింది, గోడలో రంధ్రం మాత్రం పాత ఎత్తులోనే ఉంది

ప్రశ్న: మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో పాత అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. వంటగది మొత్తం మార్పిస్తున్నాం. పాత గట్టు తీసేశారు, కొత్త గ్రానైట్ ఇంకా వేయలేదు. ఇదివరకటి సింకు లోతు 7 అంగుళాలే. కుక్కరు, పెద్ద కళాయి కడిగితే నీళ్ళన్నీ ఒంటి మీదే చిందేవి. అందుకని ఈసారి 24 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 10 లోతు ఉన్న స్టీలు సింకు కొన్నాం. గ్రానైట్ కింద బిగించే రకం. కిటికీ ఎదురుగా ఉండాలని పాత చోటు నుంచి అడుగున్నర ఎడమకు జరుపుతున్నాం. గట్టు ఎత్తు 33 అంగుళాలు వస్తుంది. మురుగు పైపు కోసం గోడలో ఉన్న రంధ్రం నేల నుంచి 19 అంగుళాల ఎత్తున ఉంది, దాని వెనక మురుగు పైపులు నిలువుగా దిగే డక్టు. ఆ రంధ్రాన్ని కదపనక్కర్లేదు, మడతల పైపు వేసి కలిపేస్తాను, నీళ్ళు పోకపోతే నన్ను అడగండి అంటున్నాడు ప్లంబరు. మా మామగారేమో పైపును నేరుగా నేల మీది నహానీ ట్రాప్‌లోకి, అంటే నేల కడిగిన నీళ్ళు పోయే జాలీలోకి దించేయమంటున్నారు, భీమిలిలోని వాళ్ళ పాత ఇంట్లో అలాగే ఉందట. వడ్రంగి సింకు కింద సొరుగులు పెడతానంటున్నాడు. ఎవరి మాట వినాలి?

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికన్నా మంచి వార్త గ్రానైట్ ఇంకా వేయకపోవడం. ఇలాంటి ప్రశ్నలు సాధారణంగా రాయి పరిచి, టైల్స్ అంటించి, సింకు కింద బకెట్ పెట్టుకున్న తర్వాత వస్తాయి. అప్పుడు చెప్పడానికి ఓదార్పు తప్ప ఏమీ మిగలదు. మీరు ముందే రాశారు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను: గోడ కొట్టించండి. రంధ్రం కిందకు దిగాలి.

ఎంత దిగాలో తెలియాలంటే ఒక లెక్క వేసుకోవాలి. చాలామంది దాన్ని నేల నుంచి పైకి వేస్తారు, అక్కడే తేడా వస్తుంది. వంటగది మార్పించేటప్పుడు నేల కూడా మారుతుంది. పాత టైల్స్ మీదే కొత్తవి వేస్తే నేల అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం దాకా లేస్తుంది. మీరు చెప్పిన 19 అంగుళాలు ఇప్పటి నేల నుంచా, రేపటి నేల నుంచా? గట్టు పై మట్టం మాత్రం మీరు ఒకసారి నిర్ణయించుకుంటే ఇక మారదు. కాబట్టి మేస్త్రీ చేత నీళ్ళ గొట్టంతో మట్టం పట్టించి, గ్రానైట్ పై అంచు ఎక్కడికి వస్తుందో గోడ మీద పొడవుగా ఒక గీత గీయించండి. అదే సున్నా. మిగతా కొలతలన్నీ ఆ గీత నుంచి కిందకే.

ఇప్పుడు దిగుదాం. గ్రానైట్ మందం ముప్పావు అంగుళం. దాని కింద సింకు లోతు 10. అంటే సింకు అడుగు గీతకు పదిముప్పావు అంగుళాల కింద ఉంటుంది. అడుగున జాలీ బుట్ట కూర్చునే కప్లింగ్ ఉంటుంది. మామూలు రకమైతే దాని మూతి ఇంకో మూడున్నర అంగుళాలు దిగుతుంది. కప్లింగ్ కింద ట్రాప్, అంటే వాసన పైకి రాకుండా కాస్త నీరు నిలిపి ఉంచే వంపు. ట్రాప్‌లో వంపు తిరిగిన నీరు గోడ వైపు మళ్ళే చోటు కప్లింగ్ మూతికి రెండున్నర, మూడు అంగుళాలు కింద ఉంటుంది. అన్నీ కలిపితే గీత నుంచి సుమారు 17 అంగుళాలు. మీ గట్టు 33 కాబట్టి ట్రాప్ నుంచి నీరు బయటకు వచ్చే ఎత్తు నేల నుంచి 16 అంగుళాలు. గోడలో రంధ్రం 19 దగ్గర ఉంది. మురుగునీరు మూడంగుళాలు పైకి ఎక్కి డక్టులోకి పోవాలన్నమాట. ఇంకా విడ్డూరం ఏమిటంటే, కప్లింగ్ మూతి నేల నుంచి పద్దెనిమిదిముప్పావు అంగుళాల దగ్గర ఉంటుంది. గోడలోని పైపు మధ్యభాగం దానికన్నా కూడా పైనే ఉంది.

పాత సింకుకు ఇదే రంధ్రం ఇన్నేళ్ళు ఎలా పనిచేసిందని మీకు అనుమానం రావచ్చు. అది 7 అంగుళాల లోతు, ఆ కాలంలో చాలావరకు గట్టు మీద కూర్చోబెట్టేవే. 33లో 7 పోతే 26. కప్లింగ్, ట్రాప్ కలిపి మరో ఆరు పోతే 20. రంధ్రం 19 దగ్గర ఉంది కాబట్టి వాలు సరిపోయింది. అప్పటి మేస్త్రీ అప్పటి సింకును చూసి సరైన చోటే కొట్టాడు. మీరు సింకు మార్చారు.

ఇక ప్లంబరు మాట. నీళ్ళు పోకపోతే అడగమన్నాడు కదా, ఆ మాటలో అబద్ధం లేదు. నీళ్ళు పోతాయి. గోడలోని రెండంగుళాల పైపు అడుగు నేల నుంచి 18 అంగుళాల ఎత్తున ఉంటుంది, సింకు అడుగు ఇరవైరెండుంపావు దగ్గర. సింకులోని నీరు బరువు కొద్దీ ఆ అంచును దాటి డక్టులోకి వెళ్ళిపోతుంది. బిగించిన రోజున కుళాయి విప్పి చూస్తే మీరు కూడా సంతోషంగా డబ్బులిచ్చి పంపుతారు. సమస్య పోయిన నీటితో లేదు, ఉండిపోయిన నీటితో ఉంది. 18 అంగుళాల మట్టానికి దిగువనున్న మడతల పైపు మొత్తం రాత్రింబవళ్ళు నిండుగా ఉంటుంది. ట్రాప్‌లో నీరు నిలవాలి, నిజమే, డక్టులోని వాసనను, బొద్దింకలను ఆపేది ఆ నీరే. అయితే అందుకు రెండంగుళాల లోతు నీరు చాలు. వంపు గొట్టంలా ఉండే పి-ట్రాప్‌లో ఆ వంపు చిన్నగా, నున్నగా ఉంటుంది కాబట్టి మీరు వదిలిన ప్రతి చెంబెడు నీరూ పాత నీటిని తోసుకుపోతుంది. మడతల పైపులో నిలిచే నీరు దానికి ఎన్నో రెట్లు. కొత్త నీరు వచ్చి దాన్ని కాస్త కదిలిస్తుంది తప్ప పూర్తిగా తోయలేదు. నెయ్యి, వేపుడు మూకుడు నూనె వేడిగా వెళ్ళి అక్కడ చల్లబడి పేరుకుంటాయి. గంజి, ఇడ్లీపిండి, చింతపండు పిప్పి ప్రతి మడతలోనూ ఒదిగి కూర్చుంటాయి. దానికి తోడు వంచేటప్పుడు మరుగుతున్న గంజి నేరుగా పోస్తే పలుచటి మడతల పైపు మెత్తబడి మధ్యలో ఇంకా కుంగుతుంది. వాసన మొదలయ్యేది అప్పుడే. సింకు నిండి నీరు నెమ్మదించడం ఆ తర్వాతి సంగతి. ఆ సమయానికి ప్లంబరు ఫోను ఎత్తడు.

విశాఖ వంటిళ్ళకు ఇంకొకటి ఉంది. చేపలు. బజారులో కోయించుకుని వచ్చినా ఇంట్లో ఉప్పు, పసుపు వేసి రెండు మూడుసార్లు కడగనిదే మనకు తృప్తి ఉండదు. ఆ కడుగునీటిలో పొలుసులు ఉంటాయి, రొయ్యలైతే మీసాలు, కాళ్ళు. పొలుసు తొందరగా కుళ్ళదు, కరగదు, జాలీ రంధ్రంలోంచి నిలువుగా జారిపోయి ఎక్కడ మడత కనబడితే అక్కడ అతుక్కుంటుంది. అందుకే వంటింటి సింకుకు సీసాలా ఉండే బాటిల్ ట్రాప్ కూడా నేను ఒప్పుకోను. చూడటానికి అందంగా, మెరుస్తూ ఉంటుంది, దుకాణంలో అదే ముందు చూపిస్తారు. చేతులు కడుక్కునే బేసిన్‌కు అది చక్కటి వస్తువు. వంటింట్లో మాత్రం దాని అడుగు గిన్నెలో ఇసుక, పొలుసులు చేరి లోపలి గొట్టం మూతి మూసుకుపోతుంది. మీకు కావలసింది 40 మిల్లీమీటర్ల పి-ట్రాప్, చేత్తో తిప్పి విప్పగలిగే నట్లు ఉన్నది. అడుగున శుభ్రం చేసే మూత కూడా ఉంటే ఇంకా మంచిది.

రంధ్రం ఎంతకు దించాలి? ట్రాప్ నుంచి నీరు వచ్చేది 16 దగ్గర అనుకున్నాం. సింకును అడుగున్నర ఎడమకు జరిపారు కాబట్టి అక్కడి నుంచి రంధ్రం దాకా పైపు గోడ వెంట అడ్డంగా నడవాలి. అడుగుకు పావు అంగుళం వాలు కావాలి, అంటే సుమారు అర అంగుళం దిగుతుంది. పదిహేనున్నర. అంటే కచ్చితంగా పదిహేనున్నర దగ్గరే కొట్టించమని కాదు. రేపు కప్లింగ్ మార్చినా, ట్రాప్ ఇంకో కంపెనీది వచ్చినా ఒకటి రెండు అంగుళాల చోటు మిగలాలి. అందుకని రంధ్రం మధ్యబిందువు కొత్త నేల నుంచి 13, 14 అంగుళాల మధ్య పెట్టించండి. ఇంకా కిందకు దించితే ఇంకా మంచిదేమో అనిపిస్తుంది, కాదు. సింకు నుంచి ట్రాప్ దాకా నిలువు పైపు మరీ పొడవైతే నీరు దూకుడుగా పడి, పోతూ పోతూ ట్రాప్‌లోని నీటిని కూడా లాక్కుపోతుంది. అప్పుడు వాసనకు అడ్డేమీ ఉండదు.

వాలు విషయంలో ఇంకో అపోహ. ఎంత ఎక్కువ వాలు ఉంటే అంత బాగా పోతుందని కొందరు మేస్త్రీలు పైపును ఏటవాలుగా దించేస్తారు. మరీ ఏటవాలైతే నీరు ముందే పారిపోయి, నూనె, మెతుకులు వెనక మిగిలిపోతాయి. పావు అంగుళానికి కాస్త అటూ ఇటూ, అంతే.

ఆ అడ్డపు ముక్కకు మడతల పైపు వద్దు, గట్టి పీవీసీ పైపు, 50 మిల్లీమీటర్లది వేయించండి. మురుగు పైపుల్లో రెండు రకాలు దొరుకుతాయి, పైపు మీదే అచ్చు వేసి ఉంటుంది. టైప్ ఎ వాననీటికి, గాలి గొట్టాలకు, దాని గోడ పలుచన. టైప్ బి మురుగునీటికి. మీకు టైప్ బి కావాలి. ఒకే తొంభై డిగ్రీల వంపు బదులు రెండు నలభై అయిదు డిగ్రీల బెండ్లు వేస్తే నీరు తడబడకుండా తిరుగుతుంది. తప్పనిసరిగా తొంభై వేయవలసిన చోట డోర్ బెండ్ వేయించండి, రేపు అడ్డుపడితే మూత విప్పి కడ్డీ పెట్టుకోవచ్చు. గోడకు రెండు చోట్ల క్లాంపులు వేయకపోతే పైపు మధ్యలో కుంగి, మళ్ళీ నీరు నిలుస్తుంది.

అసలైన చిక్కు గోడకు అవతల ఉండవచ్చు. రంధ్రం లోపలి వైపు దించితే సరిపోదు, డక్టులో నిలువు పైపుకు ఈ పైపు కలిసే చోటు కూడా దిగాలి. గోడ కొట్టక ముందే ప్లంబరును డక్టులోకి తొంగి చూడమనండి. మీ పైపు గోడ దాటాక కిందకు వంగి నిలువు పైపులో కలుస్తుంటే మీ అదృష్టం, మధ్యలో ముక్క కోసి పొడవు తగ్గిస్తే చాలు. గోడ దాటగానే 19 దగ్గరే కలుస్తుంటే నిలువు పైపును కోసి కొత్త జాయింటు దించాలి. అది మీ ఒక్కరి పైపు కాదు. పై అంతస్తుల వాళ్ళు ఆ కాసేపు వంటింట్లో నీళ్ళు వాడకూడదు, కాబట్టి అసోసియేషన్‌కు ఒక రోజు ముందు చెప్పి, నోటీసు పెట్టించి పని మొదలుపెట్టండి. చెప్పకుండా మొదలుపెడితే సరిగ్గా పైపు తెరిచినప్పుడే పై ఇంటి వారు సాంబారు గిన్నె కడుగుతారు.

పాత అపార్ట్‌మెంట్ అన్నారు, అందుకని ఒక జాగ్రత్త. డక్టులో బూడిదరంగు సిమెంటు పైపులు కనిపిస్తే అవి ఆస్‌బెస్టాస్ కలిసినవి కావచ్చు. వాటి మీద పొడిగా కట్టర్ మిషన్ పెట్టనివ్వకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటకు రాదు. అలాంటి పైపు అయితే కోయకుండా, పైన కింద జాయింట్ల దగ్గర విప్పి ఆ ముక్కను పీవీసీతో మార్చడం మేలు.

డక్టులో సాధారణంగా ఒకటికి మించి నిలువు పైపులు ఉంటాయి: మరుగుదొడ్లది ఒకటి, స్నానం, వంటింటి నీళ్ళది ఇంకొకటి, కొన్నిచోట్ల మేడ మీది వాననీటిది మరొకటి. సింకు పైపు రెండోదానిలోనే కలవాలి. దగ్గరగా ఉందని వాననీటి పైపులో కలిపేసే వారున్నారు. మన ఊళ్ళో వాననీరు కాలువల గుండా గెడ్డల్లోకి, అంటే వాగుల్లోకి, గెడ్డల నుంచి సముద్రంలోకి పోతుంది. మీ సింకు నీరు కింద నేలలో ఉండే గల్లీ ట్రాప్, మురుగు తొట్టి (చాంబర్) దాటి మురుగు పైపుల్లోకి పోవలసినది, అలా దారి తప్పితే బీచ్ దగ్గర ముక్కు మూసుకుంటూ మనమే జీవీఎంసీని తిట్టుకుంటాం. మరుగుదొడ్ల పైపులో కలపడం కూడా పాత కట్టడాల్లో వద్దు. రెండు పైపుల పద్ధతిలో కట్టినవి అలా కలిపితే వంటింట్లోకి ఏ వాసన వస్తుందో చెప్పనక్కర్లేదు.

ఇక గోడ కొట్టడం గురించి. ఇటుక గోడ అయితే ఉలి, సుత్తి, ఒక పూట పని. రంధ్రం దిగవలసిన చోట పిల్లర్ గానీ, బీమ్ గానీ ఉంటే మాత్రం ముట్టుకోనివ్వకండి. మేస్త్రీ ఎంత చిన్న రంధ్రమే కదా అన్నా సరే. సముద్రపు గాలికి ఇక్కడి కట్టడాల్లో కాంక్రీటు లోపలి ఇనుముకు అసలే తుప్పు బెడద ఎక్కువ. పైన ఉన్న కాంక్రీటు పొరను మనమే పగలగొట్టి ఉప్పుగాలికి దారి ఇవ్వడం తగదు.

అలా కుదరనప్పుడు ఏమిటి దారి? సింకు మార్చుకోవడమే. దుకాణంలో ఇంకా వాపసు తీసుకుంటారేమో అడగండి. 8 అంగుళాల లోతుది, గ్రానైట్ మీద కూర్చునే రకం తీసుకుంటే సింకు అడుగు 25 దగ్గరకు వస్తుంది. పొట్టి కప్లింగ్ దొరుకుతుంది, దానితో ఇంకో అంగుళం మిగుల్చుకోవచ్చు. అప్పుడు ట్రాప్ నుంచి నీరు 19 మీదుగానే వస్తుంది. అడుగున్నర నడవాలి కాబట్టి వాలు బొటాబొటి, అయినా నడుస్తుంది. సింకును పాత చోటుకే జరిపితే ఆ ఇబ్బంది కూడా ఉండదు.

రంధ్రం దించడం కుదిరినా కుదరకపోయినా, ఒక మాట అడగాలనిపిస్తోంది. 33 అంగుళాల గట్టుకు 10 అంగుళాల లోతు సింకు, అదీ రాయి కింద బిగించేది, అంటే సింకు అడుగున ఉన్న చెంచా తీయాలంటే మీ చేయి నేల నుంచి 22 అంగుళాల దాకా దిగాలి. ఇంట్లో గిన్నెలు కడిగేది ఎవరు? వారి ఎత్తు అయిదడుగుల మూడు అంగుళాలు దాటితే వారి నడుము మీద జాలిపడి గట్టును 34 లేదా 35కు పెంచండి. గట్టు ఇంకా కట్టలేదు కాబట్టి ఖర్చు దాదాపు లేదు. గట్టు ఎంత లేస్తే పైన చెప్పిన కొలతలన్నీ అంతే లేస్తాయి, రంధ్రం దించే పని ఆ మేరకు తగ్గుతుంది. గీత నుంచి కిందకు కొలవమన్నది ఇందుకు కూడా. పొయ్యి వైపు గట్టును మాత్రం అలాగే ఉంచుకోవచ్చు. రెండు ఎత్తుల గట్టు చూడటానికి బాగోదంటారు కొందరు, నాకైతే అది తెలివైన వంటిల్లు అనిపిస్తుంది.

మీ మామగారి సలహాకు వద్దాం. పెద్దాయన చెప్పింది వట్టిమాట కాదు. నహానీ ట్రాప్‌లోనే నీరు నిలిచి ఉంటుంది కాబట్టి, సింకు పైపును తెరిచిన జాలీ మీదకు వదిలితే వాసన ఆగుతుంది. సింకుకు వేరే ట్రాప్ అక్కర్లేదు. భీమిలి ఇంట్లో గట్టు కింద అరలు ఉండి ఉండవు, నేల తడిసినా చీపురుతో తోసేస్తే సరిపోయేది. మీరు దాన్ని అలమారాతో మూసేస్తున్నారు. పై నుంచి పడే నీరు జాలీ మీద చిట్లి ప్లైవుడ్‌ను తడుపుతుంది, పొడవైన పైపు లోపలి జిగురంతా గాలికి తెరుచుకుని ఉంటుంది, బొద్దింకలకు అది రాజమార్గం. పోనీ అని పైపును జాలీలోకి దూర్చి సిమెంటుతో మూసి, పైన పి-ట్రాప్ కూడా పెట్టారనుకోండి, అది ఇంకా ఇబ్బంది. రెండు ట్రాప్‌ల మధ్య గాలి ఇరుక్కుపోతుంది, నీరు గుటకలు వేసుకుంటూ పోతుంది. కాబట్టి సింకు దారి గోడలోకి, నహానీ ట్రాప్ నేల కడిగినప్పుడు, పైన ఎక్కడైనా కారినప్పుడు ఆదుకోవడానికి. దాన్ని టైల్స్ కింద మూసేయకండి. వారానికి ఒకసారి ఒక చెంబు నీళ్ళు పోస్తుండండి, వాడకుండా వదిలేస్తే అందులో నీరు ఎండి వాసన మొదలవుతుంది. మామగారి మాట కూడా సగం నిలబెట్టినట్లు అవుతుంది.

సింకు రంధ్రం ఎక్కడ ఉందో చూసుకున్నారా? కొన్నిటికి నట్టనడుమ ఉంటుంది, కొన్నిటికి వెనక గోడ వైపు. వెనక ఉన్నదైతే ట్రాప్ గోడకు దగ్గరగా పోతుంది, కింద చెత్తబుట్టకు చోటు మిగులుతుంది. అయితే గోడలోని రంధ్రం దానికి సరిగ్గా వెనక పడితే ట్రాప్ తిరగడానికి జాగా చాలదు, అయిదారు అంగుళాలు పక్కకు ఉండాలి. మీకు అడుగున్నర పక్కకే ఉంది కాబట్టి ఆ బాధ లేదు. కుళాయికి నీరిచ్చే యాంగిల్ కాక్‌లు (గోడకుండే చిన్న కట్టు కుళాయిలు) మాత్రం సింకు గిన్నె వెనక ఉండిపోకుండా చూసుకోండి. పాత సింకుకు వెనక చేయి దూరేది, ఈ లోతుకు దూరదు. వాటిని పక్కకు, చేతికి అందే చోటుకు ఇప్పుడే మార్పించండి.

నీళ్ళ శుద్ధి యంత్రం వృథా గొట్టం, ఎప్పటికైనా గిన్నెలు కడిగే యంత్రం కొంటే దాని గొట్టం, ఈ రెండూ ట్రాప్‌కు పైభాగంలోనే కలవాలి. ట్రాప్ దాటాక కలిపితే ఆ సన్నటి గొట్టం గుండా డక్టు వాసన ఇంట్లోకి వస్తుంది. పక్క మూతి ఉన్న వేస్ట్ పైపు ముక్క దొరుకుతుంది, ఇప్పుడే వేయించి దానికి మూత పెట్టి ఉంచండి. గిన్నెల యంత్రం గొట్టాన్ని గట్టు అడుగు దాకా ఎత్తి, వంపు తిప్పి దించాలి, లేకపోతే సింకు మురుగు యంత్రంలోకి వెనక్కి పోతుంది.

సింకును గ్రానైట్ కింద సిలికాన్‌తో అంటిస్తే చాలంటారు. మీ సింకు అంచుదాకా నిండితే నీటి బరువే 50 కిలోలు దాటుతుంది. కింద స్టీలు బ్రాకెట్లు గానీ, రాతి పట్టీలు గానీ ఆధారంగా ఉండాలి, సిలికాన్ పని నీటిని ఆపడమే. సింకు ఒక సూది మందమైనా కుంగితే కప్లింగ్, ట్రాప్ జాయింట్లన్నీ లాగినట్లయి కారడం మొదలవుతుంది. బ్రాకెట్లు, స్క్రూలు, కప్లింగ్ అన్నీ 304 రకం స్టీలువే అడగండి. సముద్రానికి ఇంత దగ్గరలో చవక స్టీలుకు తుప్పు మచ్చలు రావడానికి ఎక్కువ కాలం పట్టదు. బ్లీచింగ్ కలిపిన ద్రవాలు సింకులో నిలవ ఉంచితే మంచి స్టీలుకు కూడా మచ్చలు పడతాయి.

వడ్రంగికి నా తరఫున చెప్పండి, సింకు కింద సొరుగులు వద్దు. ట్రాప్‌ను తప్పించడానికి సొరుగు మధ్యలో కోత పెడతారు, ఆ తర్వాత ట్రాప్ విప్పాలంటే సొరుగే విప్పాలి. రెండు తలుపులు, లోపల ఖాళీ, వెనక చెక్క లేకుండా గోడ కనిపించేటట్లు. ప్లైవుడ్ బీడబ్ల్యూపీ రకం, అంటే నీటికి తట్టుకునేది. సొరుగుల సరదా పొయ్యి పక్కన తీర్చుకోనివ్వండి.

పని వరసలో ఒక్కటే పట్టుపట్టండి: గోడలో కొత్త పైపుకు సిమెంటు పూయక ముందే సింకును ఇటుకల మీద గీతకు సరిపడే ఎత్తున నిలబెట్టి, కప్లింగ్, ట్రాప్ వదులుగా బిగించి, పైపు దాకా కలిపి చూడాలి. కొలతలు కాగితం మీద ఒకలా, దుకాణం నుంచి వచ్చిన ట్రాప్‌లో ఒకలా ఉండటం మామూలే. పీవీసీ జాయింట్లకు సొల్యూషన్ అనే జిగురు, ట్రాప్ నట్లకు లోపలి రబ్బరు వాషరు చాలు. ప్లాస్టిక్ నట్టును చేత్తో బిగించి పైన పావు చుట్టు తిప్పితే సరి, పానా పెట్టి బలమంతా చూపితే పగులుతుంది. ఎం-సీల్ ముద్ద ఎక్కడైనా కనిపిస్తే అక్కడ పని సరిగ్గా కుదరలేదని అర్థం, విప్పి మళ్ళీ చేయమనండి.

అంతా అయ్యాక కుళాయి విప్పి చూసి సరే అనకండి. మూత పెట్టి సింకును నిండుగా నింపి, కింద ప్రతి జాయింటు దగ్గర పొడి వార్తాపత్రిక పరిచి, ఒక్కసారిగా మూత తీయండి. పత్రిక మీద ఒక్క చుక్క మచ్చ పడినా డబ్బులు పూర్తిగా ఇవ్వొద్దు. చివరి నీళ్ళు పోయేటప్పుడు చిన్న చప్పుడు సహజం. అయితే నీళ్ళు పోయాక కూడా గుడగుడమంటూ ఉంటే, కాసేపటికి వాసన వస్తే, ట్రాప్‌లో నీరు లాగేస్తోందని అర్థం. అప్పుడు మీ వంటింట్లో వెతకకుండా ప్లంబరును మేడ మీదకు పంపండి. నిలువు పైపు పైకొస మీది గాలి మూత విరిగి, అందులో ఆకులో, పిట్టగూడో అడ్డుపడి ఉండవచ్చు. ఆ పైపు అందరిదీ కాబట్టి దాన్ని తీయించే ఖర్చును అసోసియేషన్ ఖాతాలో రాయించండి.